చేతికి తెలిసిన పొదుపు

ఒక యింటిలో పొదుపు ఎంత కలదో తెలిసికొనుటకు ఆ యింటి జమాఖర్చుల పుస్తకమును చూడనక్కరలేదు. అటకమీదను, వంటింటి మూలను చూచిన చాలును. చినిగిన పంచెలు, అంచు మాత్రము గట్టిగా మిగిలిన చీరెలు, కట్టలు కట్టిన పాత పత్రికలు, జాడీ అడుగున మిగిలిన బెల్లపుగడ్డ, రాత్రి వండగా మిగిలిన అన్నము. ఇవి కొన్ని యిండ్లలో చెత్త యగును; కొన్ని యిండ్లలో సరకగును. రెండింటికిని నడుమ నున్నది డబ్బు కాదు, చేతి నేర్పు.

పొదుపు వేఱు, పిసినారితనము వేఱు. పిసినారి వస్తువును వాడక దాచును. పొదుపెఱిగినవాడు దానిని కడపటి పోగువఱకు వాడును. ఈ రెండవ పని చేతనగుటకు ఆ వస్తువు స్వభావము తెలియవలయును. మేము ఈనాడు చెప్పదలచినది ఆ స్వభావమును గూర్చియే.

ముందుగా ఒక మాట దాచక చెప్పుకొనవలయును. మన శ్రమకు కూలి కట్టి చూచినచో, ఇంట కుట్టిన బొంతకంటె అంగడిలోని దుప్పటియే చవుక కావచ్చును. పల్లీపట్టీ పొట్లము వీథి చివర దుకాణములో దొరకును. అట్లయినచో ఈ పాట్లెందుకని శ్రోతలు అడుగవచ్చును. దీనికి మా సమాధానమిది. ఈ పనులకు కావలసిన సరకు చాలవఱకు ఇంటిలోనే యున్నది. పని తీరిక వేళలలో, నలుగురు కూర్చుండి మాటలాడుకొనుచు సాగును. అన్నిటికంటె ముఖ్యముగా, దుకాణములో వస్తువు దొరకునే కాని వస్తువును చేయు తెలివి దొరకదు. ఆ తెలివి ఒక తరము చేతినుండి జారినచో, తరువాతి తరము దానిని డబ్బిచ్చియు కొనలేదు.

1934లో వార్ధాలో గాంధీగారు అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమును నెలకొల్పినప్పుడు ఆ సంఘము చేపట్టిన పనులలో దంపుడుబియ్యము, గానుగనూనె, బెల్లము, చేతికాగితము వంటివి ఉండెను. పెద్ద యంత్రము లేకుండ, దగ్గరనున్న సరకుతో, తెలిసిన చేతులతో చేయదగిన పనులవి. మేము చెప్పబోవునవి వానికంటెను చిన్నవి, ఒక్క యింటి గడపలోపల జరుగునవి: బెల్లపుపాకము, వడియము, బొంత, కాగితపుబుట్ట. ప్రతి పనికిని విధానముతో పాటు కారణమును కూడ చెప్పెదము. విధానము మాత్రమే నేర్చినవానికి ఆ సరకు ఉన్నంతవఱకే పని సాగును. కారణమెఱిగినవాడు సరకు మారినను దారి వెదకుకొనును.

బెల్లపుపాకము

ఒక సంక్రాంతికి మా అక్కచెల్లెండ్రము ముగ్గురము కలసి వేరుసెనగ అచ్చు చేయబూనితిమి. దీనినే పల్లీపట్టీ యందురు. పప్పు దోరగా వేయించితిమి, బెల్లము కరగించితిమి, కొంతసేపు ఉడికిన తరువాత పాకము వచ్చినదని తలచి పప్పు కలిపి పళ్ళెములో పోసితిమి. చల్లారిన తరువాత చూచినచో అది విరుగలేదు, తోలువలె వంగినది. పిల్లల పండ్లకు అంటుకొని రాలేదు. మా యింటికి పెద్దదిక్కయిన మేనత్తగారు వచ్చి ఒక ముక్క నోట వేసికొని, “నీళ్ళగిన్నె ఏదమ్మా? గిన్నె లేకుండా పాకం ఎవరు చూశారు?” అని అడిగిరి. మేము గడియారమును చూచితిమే కాని గిన్నె పెట్టుకొనలేదు.

ఆ నీళ్ళగిన్నెలోనే రహస్యమంతయు ఉన్నది. ఒక చిన్న గిన్నెలో చన్నీరు ప్రక్కన పెట్టుకొని, ఉడుకుచున్న పాకమును అప్పుడప్పుడొక చుక్క అందులో వేసి చూడవలయును. మొదట ఆ చుక్క నీటిలో కరగిపోవును. కొంతసేపటికి అడుగున నిలిచి, వ్రేలితో కూర్చినచో మెత్తని ముద్ద యగును. ఇది అరిసెల పాకము. ఇంకను ఉడికినచో ఉండ గట్టిపడును. కడపట ఆ ఉండను పళ్ళెపు అంచునకు కొట్టినచో ఠంగున మ్రోగును. విరిచినచో పెళుసుగా విరుగును. అచ్చునకు కావలసినది ఇదియే. మేము అరిసెల పాకమువద్దనే దించివేసితిమి కాబోలును.

ఇట్లేల జరుగునో చెప్పెదము. పాకము ముదురుట యనగా అందులోని నీరు పోవుట. శుద్ధమైన నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మరగును. తీపి కరగిన నీరు అంతకంటె హెచ్చు వేడివద్ద మరగును. నీరు ఆవిరియైన కొలదిని ఆ వేడి ఇంకను హెచ్చును. పంచదార పాకమైనచో మెత్తని ముద్ద 115 డిగ్రీల ప్రాంతమునను, పెళుసుగా విరుగు పాకము 150 డిగ్రీల ప్రాంతమునను ఏర్పడును. బెల్లములో పంచదారయే కాక ఇతరమైన చక్కెరలును, ఖనిజములును ఉండుటచే ఈ అంకెలు గడ్డకొక తీరుగ కొంచెము మారును. పొయ్యి మంట, గిన్నె వెడల్పు, పోసిన నీరు, ఇవి మారినచో పట్టు కాలము కూడ మారును. కావుననే నిమిషముల లెక్క మమ్ము మోసగించినది. నీళ్ళగిన్నె మాత్రము మోసగింపదు. అది పాకములో మిగిలిన నీటినే నేరుగా చూపును.

కొలత ఇది: వేయించి పొట్టు తీసిన వేరుసెనగపప్పు రెండు గ్లాసులు, తురిమిన బెల్లము గ్లాసున్నర, నీరు పావుగ్లాసు. బెల్లము కరగగానే ఒకమారు వడకట్టవలయును, ఇసుక నలకలు ఉండవచ్చును కనుక. సన్నని మంటమీద కలియబెట్టుచు పాకము రానిచ్చి, పొయ్యి ఆర్పి, పప్పు కలిపి, నేయి రాచిన పళ్ళెములో పోసి, అడుగున నేయి రాచిన గిన్నెతో అదిమి, వేడి ఉండగనే కత్తితో గాట్లు పెట్టవలయును. చల్లారిన తరువాత కోసినచో తిన్నగా తెగక పగులును. బెల్లము గాలిలోని చెమ్మను పీల్చును. కావున బిగువైన మూతగల డబ్బాలోనే నిలువచేయవలయును. వానకాలములో ఈ జాగ్రత్త మఱింత అవసరము. వేడి పాకము నీటికంటె తీవ్రముగా కాల్చును, చర్మమునకు అంటుకొనును. పిల్లలను ఆ సమయమున దూరముగ కూర్చుండబెట్టి, పప్పు పొట్టు తీయు పని వారికప్పగించుట మేలు.

చెడిపోయిన మా అచ్చు ఏమైనదని అడుగుదురేమో. మేనత్తగారు దానిని పారవేయనీయలేదు. వేయించిన నువ్వులు చేర్చి రోటిలో దంచి ఉండలు చేసిరి. అసలు పండుగ పిండివంటలకంటె అవియే ముందుగా అయిపోయినవి.

పొయ్యియే అక్కరలేని తీపి వంటలును మనకు కలవు. నాగులచవితికి చేయు చిమ్మిలి అట్టిది. నువ్వులను, బెల్లమును రోటిలో కలిపి దంచినచో చాలును. నువ్వుల బరువులో సుమారు సగము నూనెయే; దంచుటచే ఆ నూనె వెలికివచ్చి బెల్లముతో కలసి ముద్దకట్టును. చలిమిడియు ఇట్టిదే. నానబెట్టి దంచిన తడి బియ్యపుపిండిలోని చెమ్మయే బెల్లమును కరగించి ఉండ కట్టించును. ఎండిన అంగడిపిండితో చలిమిడి సరిగ కుదరకపోవుటకు కారణము ఆ చెమ్మ లేకపోవుటయే. అది తెలిసినవారు పిండిమీద కొంచెము నీరో, పాలో చిలకరించి పని నడుపుకొందురు.

వడియము

పాకములో నీటిని నిప్పు తీసివేయును. వడియములో ఎండ తీసివేయును. సూత్రమొక్కటే. బూజునకైనను, ఆహారమును చెఱచు సూక్ష్మజీవులకైనను నీరే ఆధారము. ఆ నీరు పోయినచో వస్తువు నిలువయుండును.

మిగిలిన అన్నముతో వడియములు పెట్టుట అందఱకును తెలిసినదే. రాత్రి అన్నము చల్లారగనే నీరుపోసి యుంచియో, ఫ్రిజ్జు ఉన్నచో అందులో పెట్టియో, మఱునాటి ఉదయమున నీరు వార్చి మెత్తగా మెదిపి, ఉప్పు, జీలకఱ్ఱ, నూరిన పచ్చిమిరప కలిపి, ఉతికిన పాత పంచెమీద చిన్న చిన్న ముద్దలుగ పెట్టవలయును. రెండవనాడు తిరుగవేసి, చేతితో విరిచినచో పుటుక్కున విరుగువఱకు ఎండబెట్టవలయును. గుడ్డకు అంటుకొనినచో గుడ్డ వెనుకవైపున నీరు చిలకరించినచో ఊడివచ్చును. వేగునప్పుడు లోపల మిగిలిన కొద్దిపాటి చెమ్మ ఒక్కుమ్మడిగ ఆవిరియై పిండిపదార్థమును ఉబ్బించును. వడియము పొంగుటకు కారణమదియే.

బూడిదగుమ్మడి వడియములలో కాయముక్కలకు ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి రాత్రియంతయు బరువు క్రింద ఉంచుదురు. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగును. ఆ నీరు ముందుగ పోనిదే మినపపిండి కలిపినచో పిండి పలుచనై వడియము నిలువదు, ఎండుటకు కూడ దినములు పట్టును.

ఇక్కడ పొదుపునకు ఒక హద్దు చెప్పవలయును. వాసన మారిన అన్నము, జిగటగా సాగు అన్నము వడియములకు పనికిరాదు. కొన్ని సూక్ష్మజీవులు అన్నములో విడుచు విషము మరల ఉడికించినను, వేయించినను పోదు. రెండు గుప్పిళ్ళ అన్నము మిగుల్చుకొనబోయి ఇంటిల్లపాది వైద్యుని యింటికి పోవుట పొదుపు కాదు. మబ్బు పట్టిన దినములలోను ఈ పని తలపెట్టరాదు. మొదటి దినము మంచి యెండ తగులని వడియము లోపల పులియును.

బొంత

వడియముల పంచె మఱికొంత చినిగినచో దాని తరువాతి మజిలీ బొంత. నూలు చీరె ఒకటి సుమారు అయిదున్నర మీటర్ల నిడివి, మీటరునకు కొంచెము మించిన వెడల్పు ఉండును. దానిని నిడివిలో మూడుమడతలు వేసినచో ఇంచుమించు ఒక మనిషి పడుకొనదగిన నిడివి వచ్చును. అట్టి చీరెలు రెండైనచో ఆరు పొరలు; బొంతకది చాలును. పసిపిల్లల కొఱకైనచో ఒక్క చీరెను నాలుగుమడతలు వేసినచో సరిపోవును. గట్టిగానున్న చీరెను పైకి క్రిందికి వచ్చునట్లు, చినిగిన పంచెలను, దుప్పటిముక్కలను నడుమకు వచ్చునట్లు పేర్చవలయును.

కుట్టుటలో నేర్పంతయు మొదటి గంటలో నున్నది. పొరలను నేలమీద పఱచి, ముడుతలను చేతులతో నడుమనుండి అంచులకు త్రోయుచు, ముందు నడుమ భాగమునను, తరువాత మూలలయందును పెద్ద పెద్ద కుట్లు వేసి నిలుపవలయును. అంచులనుండి మొదలుపెట్టినచో ముడుత నడుమకు చేరి, అచ్చటనే గడ్డకట్టి, పడుకొనినవారి వీపునకు రాయివలె తగులును. ఆ పెద్ద కుట్లు పడిన తరువాత అంచులు లోపలికి మడిచి, సూది పైకి క్రిందికి పోవు సాదాకుట్టును రెండువ్రేళ్ళ ఎడముతో వరుసలుగ వేసికొనిపోవలయును. ఈ వరుసలు అలంకారము కొఱకు కాదు. ఉతికినప్పుడు పొరలు ఒకదానిమీద నొకటి జారకుండ పట్టియుంచును. వంగదేశపు కాంథా, బీహారు సుజని కూడ ఇట్లు పాతబట్టల పొరలను సాదాకుట్టుతో కలుపుటనుండి పుట్టినవే. కాంథా కుట్టువారు పాతచీరెల అంచులనుండి లాగిన రంగుదారములనే కుట్టుటకు వాడుచుండిరి. దారమునకు కూడ అంగడికి పోలేదన్నమాట.

బొంత వెచ్చగా ఉండుటకు కారణము బట్ట మందము మాత్రమే కాదు. పొరల నడుమ చిక్కుకొన్న గాలి. ఆ గాలి ఒంటి వేడిని బయటికి పోనీయదు. ఏండ్ల తరబడి ఉతికిన నూలు మెత్తబడుటచే పసిపిల్లల మేనికి ఒరిపిడి ఉండదు, చెమటను పీల్చును.

కారణమెఱుగుట ఎంత అవసరమో ఇక్కడ స్పష్టమగును. నేటి అటకమీద దొరకు చీరెలలో అనేకములు పాలియెస్టరువి. పెద్దలు పాతచీరెతో బొంత కుట్టుమనిరి కదా యని వానితో కుట్టినచో అది చెమట పీల్చదు, నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును. పెద్దల మాటలో ‘పాతచీరె’ యనగా ‘పాత నూలుచీరె’ యని అర్థము. ఆనాడు వేఱుగ చెప్పనక్కరలేకపోయినది. అనుమానమున్నచో ఒక పోగు లాగి, ఇంటి బయట పట్టకారుతో పట్టి వెలిగించి చూడవలయును. నూలు కాగితమువలె కాలి బూడిద యగును. పాలియెస్టరు కరగి నల్లని గట్టిపూస యగును. అట్టి చీరెను పారవేయవలదు. అది నీటికి త్వరగా చివుకదు, బరువును మోయును. కూరలసంచికి అంతకంటె మంచి బట్ట లేదు. 2022 జులై 1 నుండి మనదేశమున ఒకమారు వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు అనేకము నిషిద్ధములైన పిమ్మట అట్టి సంచి ప్రతి యింటికిని కావలసినదే.

కాగితపుబుట్ట

వెదురుచేటల సందులు మూయుటకు నానిన కాగితపుగుజ్జును, మెంతిపిండిని కలిపి పూయుట మన యిండ్లలో పాత అలవాటు. ఆ గుజ్జుతోనే బుట్టలును చేయుదురు.

పాతపత్రికలు అరకిలో చింపి నీటిలో రెండుమూడు దినములు నానబెట్టి, ప్రతిదినము నీరు మార్చవలయును. మెఱుపు కాగితములు వలదు. వానిమీది పూత గుజ్జును కుదురనీయదు. గుప్పెడు మెంతులు వేఱుగ నానబెట్టి మెత్తగా రుబ్బవలయును. నానిన కాగితమును పిండి రోటిలో దంచి, మెంతిముద్ద చేర్చి, చపాతిపిండివలె మర్దింపవలయును. బోర్లించిన చెంబుమీద తడిగుడ్డ కప్పి, ఆ గుడ్డమీద గుజ్జును సమముగ అద్దవలయును. కాగితమనగా చెట్ల నారయే. నానినప్పుడు నారపోగులు విడివడును, ఎండునప్పుడు ఒకదానినొకటి పెనవేసికొని పట్టుకొనును. మెంతుల జిగురు ఆ పట్టును హెచ్చించును.

ఎండునప్పుడు గుజ్జు ముడుచుకొనును. లోపలి చెంబు ముడుచుకొనదు. కావున పూర్తిగా ఎండువఱకు చెంబుమీదనే యుంచినచో బుట్ట పగులును. మొదటి దినము నీడలో ఆరనిచ్చి, తాకినచో తోలువలె ఉన్నప్పుడు గుడ్డతో సహా మెల్లగా లాగి, గుడ్డ తీసి, తడిచేతితో నునుపుచేసి, అప్పుడు ఎండలో పెట్టవలయును.

ఈ బుట్టలలో దారపుకండెలు, బొత్తాములు, తాళపుచెవులు ఉంచుకొనవచ్చును. తినుబండారములు మాత్రము ఉంచరాదు. అచ్చుసిరాలోని రసాయనములు ఆహారమునకు అంటునని, పత్రికాకాగితములో తినుబండారములు చుట్టి యియ్యరాదని కేంద్ర ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించినది. పెద్దలకు ఈ సంగతి తెలియదు, మనకు తెలిసినది. వారి పనిని గౌరవించుట యనగా తెలిసినదానిని దానికి చేర్చుటయే.

చేతినుండి చేతికి

మా మేనత్తగారికి కొలతలు లేవు. “నీళ్ళెన్ని?” అని అడిగినచో “చూసి పొయ్యి” అనెడివారు. మేము చాలకాలము అది చెప్పనిష్టము లేక అన్నమాట యనుకొంటిమి. తరువాత తెలిసినది: ఆమె కంటికి కొలత కనబడుచున్నది, నోటికి అందుట లేదు. అట్టివారిని “ఎంత?” అని అడిగినచో ప్రయోజనము స్వల్పము. “ఎందుకు?” అనియు, “తప్పినచో ఎట్లుండును?” అనియు అడుగవలయును. ఈ రెండు ప్రశ్నలకు ఆమె గంటసేపు సమాధానము చెప్పెడివారు. పైని వ్రాసినదానిలో చెంబుమీది తడిగుడ్డ, బొంత నడుమనుండి మొదలుపెట్టుట, వడియముల గుడ్డ వెనుక నీరు చిలకరించుట ఆమె చెప్పినవే. మిగిలిన ప్రశ్నలు మేము అడుగలేదు. ఇప్పుడడుగుటకు ఆమె లేరు.

కావున శ్రోతలకు మా విన్నపమొక్కటి. ఈ నాలుగింటిలో ఏదో ఒకదానిని వచ్చు ఆదివారమున చేపట్టుడు. ఇంటిలోని పెద్దవారిని పీట వేసి దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. మగపిల్లలను కూడ పిలువుడు. పాకమునకును, సూదికిని ఆడ మగ యను భేదము లేదు. పని చెడినచో చెడనిండు, ఎందుకు చెడినదో ఆ పెద్దవారిని అడిగి, ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనుడు.